సైట్ ప్లాన్‌లో చెట్లు పెడితే ఇల్లు కనపడటం లేదు – ఆర్కికాడ్, ఆటోకాడ్ వాళ్ళు ఒకసారి చూడండి

చంద్రగిరి_డ్రాఫ్ట్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. చంద్రగిరి దగ్గర మామిడి తోటలో ఒక ఇల్లు వస్తా ఉంది. ఎకరా పైచిలుకు జాగా. పాత తోతాపురి చెట్లు, గట్టు మీద చింతమాన్లు, బావి పక్కన కొబ్బరి. ఓనరు పెద్దాయన ఒకటే మాట చెప్పినాడు: "చెట్టు పోవాల్సి వస్తే ముందు కాగితం మీద నాకు చూపించు, నేను సరే అన్నాకే గొడ్డలి."

ఆర్కికాడ్ (ఇంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్)లో సైట్ ప్లాన్ చేసి లైబ్రరీలో ఉండే చెట్టు ఆబ్జెక్టులు పెట్టినా. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే బ్రహ్మాండం. 1:200లో ప్రింటు తీస్తే చెట్టున్న చోటల్లా నల్ల ముద్ద. కొలతలు, కాంపౌండ్ గోడ, సెప్టిక్ ట్యాంకు అన్నీ ఆకుల కిందికి పోయినాయి. ఎలివేషన్ (ఇంటిని ఎదురుగా నిలబడి చూసినట్టు గీసే బొమ్మ) ఇంకా ఘోరం. వరండా స్తంభం ఏదో కొమ్మ ఏదో తెలీడం లేదు, పైగా ఆ వ్యూ తెరిస్తే సిస్టమ్ కాసేపు ఊపిరి తీసుకోదు. చెట్లున్న లేయర్ (పొర) ఆపేస్తే ఇల్లు చక్కగా కనపడుతుంది గానీ చెట్లుండవు, పెద్దాయన ఒప్పుకోడు. మీరంతా ఎట్లా చేస్తా ఉండారు?

ఒంటిగీత (చిత్తూరు)

తీసెయ్ తమ్ముడూ ఆ ఆబ్జెక్టులన్నీ. ఒక వృత్తం, మధ్యలో చుక్క. అయిపాయె. డ్రాయింగ్ ఇంటి కోసం, అడవి కోసం కాదు.

పెన్‌సెట్_పిచ్చోడు (తిరుపతి)

ఒంటిగీత అన్నా, వృత్తం పెట్టినా దాని ఫిల్ (లోపల నింపేది) వెనక తెలుపు ఉంటే కింద గోడ మాయమే కదా. ముద్ద ఎందుకొస్తోందో ముందు తేల్చుకుందాం.

చిన్న లెక్క. పెద్ద మామిడి చెట్టు కొమ్మలు 8 మీటర్ల మేర పరుచుకున్నాయనుకో. 1:200లో కాగితం మీద అది 40 మిల్లీమీటర్లు. ఆబ్జెక్టులో ఆకు గీతలు 10 సెంటీమీటర్ల ఎడంలో ఉంటే కాగితం మీద ఆ ఎడం అర మిల్లీమీటరు. నువ్వు వాడే పెన్ను 0.25 మిల్లీమీటర్లు అయితే గీత మధ్య నుంచి గీత మధ్యకి ఉన్న అర మిల్లీమీటరులో సగం సిరానే. అడ్డగీతలు కూడా ఉంటే ఇంక తెల్లకాగితం ఎక్కడ మిగులుతుంది? అదే చెట్టు 1:50లో పెడితే ఎడం 2 మిల్లీమీటర్లు వస్తుంది, బాగుంటుంది. అంటే ఆబ్జెక్టులో తప్పు లేదు, అది 1:50కి గీసిన బొమ్మ. స్క్రీన్ మీద నువ్వు జూమ్ చేసినప్పుడు చూసింది కూడా ఆ 1:50 బొమ్మనే.

అందుకని ఆబ్జెక్ట్ సెట్టింగ్స్‌లోకి పోయి 2డి చిహ్నాన్ని వేరుగా మార్చు. 3డి రూపం ఎంత దట్టంగా ఉన్నా 2డిలో పైగీత, మధ్యలో మాను ఉండేది ఎంచుకోవచ్చు. పెన్ను 0.13 పెట్టు. ఫిల్ వెనక పెన్ను నెంబరు 0 చేస్తే వెనకనున్నది కనపడుతుంది. ఆర్కికాడ్‌లో 0 అంటే పారదర్శకం. అప్పటికీ గోడ మీదికి ఎక్కుతుంటే చెట్లన్నీ ఎంచుకుని డిస్‌ప్లే ఆర్డర్‌లో వెనక్కి పంపు.

ఎలివేషన్ సంగతి వేరు. అక్కడ సాఫ్ట్‌వేర్ నీ చెట్టును 3డిలో చూసి, ప్రతి ఆకు వెనక ఏ గీత దాగిందో లెక్క కడుతుంది. దట్టమైన మామిడి తోట పెట్టి వెంటనే తెరుచుకోమంటే ఎట్లా? ఆకులున్న చెట్లు ఒక లేయర్‌లో పెట్టుకో, రెండర్ (ఫొటోలాంటి 3డి బొమ్మ) వ్యూకి తప్ప ఇంక దేనికీ ఆ లేయర్ వెలగకూడదు. ఎలివేషన్‌కి పలచటి చెట్లు వేరే లేయర్. లేయర్ కాంబినేషన్లు రెండు చేసి వ్యూలకి కట్టేస్తే మళ్ళీ మళ్ళీ చూసుకునే పనుండదు.

చంద్రగిరి_డ్రాఫ్ట్

అన్నా, పెన్ను 0 చేసినా. గోడలు బయటికొచ్చినాయి. చాలా థ్యాంక్స్. కానీ ఇప్పుడు ఆకు గీతలు గోడ గీతల మీదుగా పోతా ఉండాయి. ఇల్లు గీసి దాని మీద ఎవరో పెన్సిల్‌తో గీకినట్టుంది.

పెన్‌సెట్_పిచ్చోడు

లోపలి ఆకుల గీతలు పూర్తిగా ఆపేసి పైగీత ఒక్కటే ఉంచు. పారదర్శకం చేసినప్పుడు లోపల ఏమీ ఉండకూడదు. లోపల ఆకులు కావాలంటే పారదర్శకం వద్దు. రెండూ కావాలంటే మటుకు ముద్దే.

ఇంకోటి. గ్రాఫిక్ ఓవర్‌రైడ్ వాడు, 20వ వెర్షన్ నుంచీ ఉంది. చెట్ల లేయర్‌లో ఉన్న ఆబ్జెక్టులన్నిటికీ ఒక రూలు పెడితే, ఫ్లోర్ ప్లాన్ వ్యూలో బూడిదరంగు సన్నగీత, ల్యాండ్‌స్కేప్ షీట్‌లో ఆకుపచ్చ. ఆబ్జెక్టు ఒక్కటే, వ్యూని బట్టి వేషం మారుతుంది.

తోటగీత (తిరుపతి)

సాఫ్ట్‌వేర్ సంగతులు తమ్ముళ్ళు బాగా చెప్పారు. నేను అడిగేది వేరు. చంద్రగిరి తమ్ముడూ, నీ డ్రాయింగ్‌లో ఉన్న చెట్లలో నిజంగా నేల మీద ఉన్నవి ఎన్ని? షీట్ ఖాళీగా ఉందని పెట్టినవి ఎన్ని?

ఈ రెండూ ఒకే బొమ్మతో చూపించడం వల్లే గొడవలన్నీ. మన పక్కనే జరిగింది చెప్తాను, ఎవరిదో వద్దు. ఒక ఆఫీసు వాళ్ళ సైట్ ప్లాన్‌లో కాంపౌండ్ చుట్టూ అందంగా చెట్లు అతికించారు. వాటి మధ్యలో ఒక పాత వేపచెట్టు, అది మాత్రం నిజం. కాంట్రాక్టర్ చూశాడు, ప్లాన్‌లో ఉన్న మిగతా చెట్లలో ఒక్కటీ సైట్‌లో లేదు, కాబట్టి ఇవన్నీ బొమ్మలే అనుకున్నాడు. జేసీబీ వచ్చిన రోజే వేప పోయింది. అడిగితే "ప్లాన్‌లో అన్నీ అట్లాగే ఉన్నాయి కదా మేడమ్" అన్నాడు. అతన్ని ఏమనగలం?

నేనైతే మూడు రకాలు విడదీస్తాను. ఉన్న చెట్టు: మాను అసలు సైజులో, నల్లగా నింపిన వృత్తం, కొమ్మల వ్యాప్తి సన్నటి గీత. కొట్టేయబోయే చెట్టు: అదే వృత్తం తెంపుగీతలో, మీద అడ్డంగా పెద్ద ఇంటూ గుర్తు. కొత్తగా నాటేది: వృత్తం, మధ్యలో చిన్న కూడిక గుర్తు. అలంకారం చెట్టు సైట్ ప్లాన్‌లోకి రాకూడదు, అంతే. దానికి ఎలివేషన్ ఉంది, రెండర్ ఉంది.

ఆర్కికాడ్‌లో దీనికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. రెనోవేషన్ అని ఒక స్థితి ఉంటుంది. పాత ఇళ్ళ గోడలకే అది అనుకుంటారు మనవాళ్ళు. చెట్టు ఆబ్జెక్టుకి కూడా ఉన్నది, తీసేసేది, కొత్తది అని పెట్టుకోవచ్చు. ఫిల్టర్ మారిస్తే తీసేసే చెట్లు మాత్రమే చూపించే షీట్ ఒకటి వస్తుంది. మీ పెద్దాయన అడిగింది సరిగ్గా ఆ షీటే.

ఒంటిగీత

అక్కా, ఒప్పుకుంటా. కానీ నీ వృత్తమూ నా వృత్తమే కదా :)

తోటగీత

నీ వృత్తం ఏ సైజు అన్నా? అన్నిటికీ ఒకే బ్లాకు కాపీ కొడతావు. నేను టేపు పట్టుకుని పోతాను. మాను చుట్టుకొలత ఛాతీ ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర కొలిచి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. కొమ్మలు ఎంత దూరం పోయాయో నాలుగు దిక్కులా కొలుస్తాను. బావి పక్కన ఉన్న మామిడి ఒక వైపే పెరిగి ఉంటుంది, దాన్ని గుండ్రంగా గీస్తే అబద్ధం. మామిడికి కింది కొమ్మ ఎత్తు కూడా రాసుకోవాలి. మన తోతాపురి చెట్ల కింద మనిషే వంగి పోవాలి. ప్లాన్‌లో ఆ కొమ్మల కిందుగా కారు దారి గీస్తే కాగితం మీద బాగానే కనపడుతుంది, సైట్‌లో అద్దం పగులుతుంది. కాయల కాలంలో బండి రావాలి పోవాలి, అది కూడా చూసుకోవాలి తోటలో.

ఒక్కో చెట్టుకీ నెంబరు వెయ్యి. చె1, చె2 అని. పక్కన పట్టికలో పేరు, మాను వ్యాసం, వ్యాప్తి, ఉంచాలా తీయాలా. చెట్టు మీద ఆకులు తగ్గి ఈ నెంబరు ఒకటి వస్తే చాలు, ప్లాన్ దానంతటదే తేటపడుతుంది.

సైటు_మేస్త్రి (పీలేరు)

మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. మాకు సైటుకాడికి వచ్చేది మీరు చూసే రంగుల ప్రింటు కాదు సార్. దాన్ని జెరాక్సు తీసి, ఆ జెరాక్సుని ఇంకో జెరాక్సు తీసి, మడతలు పెట్టి జోబులో పెట్టుకున్నది వస్తాది. ఆకుపచ్చ అంటే కొట్టొద్దు, ఎర్రది అంటే కొట్టు అని పక్కన రాసుంటారు. నా కాగితంలో రెండూ ఒకటే రంగు. ఫోను చేస్తే ఇంజనీరు సారు ఎత్తడు. ఇంటూ మార్కు పెట్టండి, పెద్దది.

ప్లాటర్_బాబాయ్ (తిరుపతి)

మేస్త్రి నోట్లో చక్కెర పొయ్య! నా ప్రింటు షాపులో రోజూ చూసే తంతే ఇది.

గుర్తు పెట్టుకోండి పిల్లలూ. లేత బూడిద రంగుని ప్లాటర్ గీతగా గియ్యదు, చుక్కలుగా వేస్తుంది. ఏ1 షీటు మీద ఆ చుక్కలు కంటికి గీతలాగే ఉంటాయి. దాన్ని ఏ3కి కుదించి జెరాక్స్ కొడితే సగం చుక్కలు ఎగిరిపోతాయి, మిగిలిన సగం మురికిలాగా ఉంటాయి. కాబట్టి షీటు జెరాక్సుకి పోతుందని తెలిస్తే బూడిద రంగు వద్దు. నల్ల పెన్నే, సన్నగా. చెట్టు 0.13, ఇంటి లోపలి గీతలు 0.25, కోసిన గోడ 0.5. చెట్టు వెనక్కి పోవాల్సింది గీత సన్నదనం వల్ల, రంగు వల్ల కాదు. ఏ1లో గీసి ఏ3కి తగ్గించేవాళ్ళు ఇంకోటి చూడాలి, కొలత సగానికి తగ్గితే గీత కూడా సగమే అవుతుంది. 0.13 కాస్తా 0.065. అది జెరాక్సుకి అందదు. ఏ3కే పోతుందనుకుంటే చెట్టుకి 0.18 పెట్టండి, గోడని 0.7కి పెంచండి.

ఆటోకాడ్ నుంచి వచ్చే వాళ్ళకి ఇంకో విన్నపం. చెట్లకి ట్రాన్స్‌పరెన్సీ పెట్టి, ప్లాట్‌లో కూడా అది టిక్ చేసి తెస్తారు. అప్పుడు షీటు మొత్తం బొమ్మ కింద మారిపోయి ప్లాటర్‌కి పోతుంది. అక్షరాలు మసక, ఫైలు బండెడు. వెనక పదిమంది లైన్లో నిలబడి నన్ను తిడతారు.

రేణిగుంట_రెవిట్

రెవిట్ (ఇంకో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్) వాళ్ళకి కూడా ఒక మాట, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుంది. ప్లాంటింగ్ (చెట్లు, మొక్కలు) కేటగిరీని రెవిట్ ప్లాన్‌లో కొయ్యదు. తలుపు ఎత్తులో కోత పెట్టినా చెట్టు మాత్రం పైనుంచి చూసినట్టు నిండు కొమ్మలతో వస్తుంది. అందుకే గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్‌లో వరండా మీదికి మామిడి కొమ్మలు వచ్చి కూర్చుంటాయి. విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో ప్లాంటింగ్‌కి హాఫ్‌టోన్ (లేత రంగు) టిక్ చేస్తే తగ్గుతుంది (బాబాయ్ చెప్పిన జెరాక్స్ బాధ దీనికీ ఉంది). నచ్చకపోతే ఫ్యామిలీ (ఆ చెట్టు ఆబ్జెక్టు ఫైలు) తెరిచి, ప్లాన్‌కి వేరే సింబాలిక్ గీతలు గీసి, 3డి రూపాన్ని ప్లాన్‌లో కనపడకుండా ఆపెయ్యండి. ఉన్నవి, పోయేవి అక్కడ ఫేజ్‌లతో (పని దశలతో) వస్తాయి. ఎగ్జిస్టింగ్ ఫేజ్‌లో పెట్టి, కొత్త ఫేజ్‌లో డిమాలిష్ చేస్తే తెంపుగీత తనే వేసుకుంటుంది.

ఆర్‌పీసీ (రెండర్‌లో ఫొటోలాగా వచ్చే) చెట్లు మామూలు వ్యూలో నాసిరకంగా, రెండర్‌లో బాగా కనపడతాయి. అది దాని గుణం, సెట్టింగ్ వెతకొద్దు.

కాణిపాకం_కుర్రోడు

నేను బీఆర్క్ చదువుతున్నానండి. స్కెచప్ (3డి మోడల్ సాఫ్ట్‌వేర్)లో చెట్లు పెడితే ఎలివేషన్‌లో నీడలు చెట్టు ఆకారంలో కాకుండా డబ్బా ఆకారంలో పడుతున్నాయి. జ్యూరీలో (మా ప్రాజెక్టు చూసి మార్కులేసే వాళ్ళు) నవ్వుతారు. ఎందుకో ఎవరైనా చెప్తారా? ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు, క్షమించండి.

నిర్వాహకుడు

అడగొచ్చు. చెట్టు విషయమే కదా. వేరే థ్రెడ్ అక్కర్లేదు.

పెన్‌సెట్_పిచ్చోడు

తమ్ముడూ, అది ఫొటో చెట్టు. నలుచదరం ముఖం మీద చెట్టు బొమ్మ అతికించి ఉంటుంది. బొమ్మలో చుట్టూ ఉన్న ఖాళీ మనకి పారదర్శకంగా కనపడినా స్కెచప్ నీడ వేసేది ముఖానికే, బొమ్మకి కాదు. కాంపొనెంట్‌లోకి పోయి చెట్టు అంచు వెంబడి పెన్సిల్ టూల్‌తో గీసి బయటి ముక్క తీసెయ్. అంచు గీతల్ని దాచెయ్. మరీ ఆకు ఆకునా గీయక్కర్లేదు, గుబురు ఆకారం వస్తే చాలు.

తోటగీత

నీడ మాటొచ్చింది కాబట్టి. లొకేషన్ పెట్టావా బాబూ? పెట్టకపోతే స్కెచప్ టెంప్లేట్ నిన్ను అమెరికాలో బౌల్డర్ దగ్గర కూర్చోబెడుతుంది. 40 డిగ్రీల అక్షాంశం అది. అక్కడ మధ్యాహ్నం నీడ ఏడాది పొడుగునా ఉత్తరానికే. మన తిరుపతి 13.6 డిగ్రీలు. ఏప్రిల్ చివరి వారంలో, మళ్ళీ ఆగస్టు మూడో వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలమంతా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. 10 మీటర్ల చెట్టుకి జూన్ 21న అది 1.7 మీటర్లే, డిసెంబర్ 21న ఉత్తరంగా 7.5 మీటర్లు.

ఇది జ్యూరీ కోసం చెప్పడం లేదు. ఎండాకాలంలో మధ్యాహ్నం ఇంటి మీద నీడ పడాలని దక్షిణాన చెట్టు పెడతారు, మోడల్‌లో కూడా బౌల్డర్ నీడ పడుతూ బాగానే కనపడుతుంది. మన ఊళ్ళో మే నెల మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు నీడ దాని కాళ్ళ దగ్గరే ఉంటుంది. పడమర పెట్టు, సాయంత్రం ఎండని ఆపుతుంది.

చంద్రగిరి_డ్రాఫ్ట్

అక్కా, నువ్వు చెప్పినట్టు టేపు పట్టుకుని పోయినా. కొలిస్తే ఒక తోతాపురి కొమ్మలు సరిగ్గా పడమటి బెడ్‌రూమ్ గోడ దాకా వచ్చి ఉండాయి. లైబ్రరీ చెట్టు పెట్టినప్పుడు అది గోడకి బాగా దూరంగా కనపడింది. ఇప్పుడు గోడ జరపాల్నా, కొమ్మ కొట్టాల్నా అని పెద్దాయనతో మాటలు నడుస్తా ఉండాయి. ఆయన గోడ జరపమంటాడనే నా నమ్మకం.

ఎలివేషన్‌లో మాత్రం ఇంకా తేలలేదు. ఇంటి ముందర రెండు చెట్లు నిజంగా ఉండాయి. వెయ్యకపోతే అబద్ధం, వేస్తే ఇల్లు కనపడదు.

తోటగీత

ముందున్న చెట్టుకి మాను, పెద్ద కొమ్మలు, చుట్టూ గుబురు అంచు, అంతే. ఆకులొద్దు, ఫిల్ వద్దు. దాని గుండా ఇల్లు కనపడాలి. వెనకున్న చెట్లు కిటికీలకి, స్తంభాలకి అడ్డు రావు కాబట్టి అక్కడ కాస్త దట్టంగా ఉన్నా ఫరవాలేదు, పైకప్పు గీత ఇంకా బాగా తేలుతుంది.

పెన్‌సెట్_పిచ్చోడు

వెనక చెట్లకి మార్క్‌డ్ డిస్టెంట్ ఏరియా వాడు. ఎలివేషన్ సెట్టింగ్స్‌లో ఉంది. ఇంటి వెనక ఒక గీత పెడితే ఆ గీత అవతలిదంతా ఒకే సన్న పెన్నులోకి మారిపోతుంది. చెట్లు ఒక్కొక్కటీ పట్టుకుని మార్చే బాధ లేదు. కొబ్బరి చెట్లు ఎత్తుగా ఉంటాయి కదా, అవి పైకప్పు మీదుగా లేతగా తేలితే చూడ్డానికీ బాగుంటుంది.

ఒంటిగీత

పర్మిషన్‌కి పెట్టే డ్రాయింగ్‌లోకి మాత్రం ఈ అందాలేవీ పంపొద్దు. ఆన్‌లైన్‌లో దాన్ని మొదట చదివేది సాఫ్ట్‌వేర్. వాళ్ళు చెప్పిన లేయర్లు, వాళ్ళు చెప్పిన పేర్లు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి అయినా పంచాయతీ అయినా ఆ రోజు అమలులో ఉన్న మార్గదర్శకాలు చూసి పెట్టు. చెట్టు కొట్టాల్సి వస్తే దానికి వేరే దారి ఉంది, 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకి మినహాయింపుంది గానీ అది అటవీశాఖ వాళ్ళనడిగి తేల్చుకో. తోట గట్టున ఎర్రచందనం మొక్క ఏదైనా ఉంటే అసలు ముట్టుకోవద్దు, ముందు అడుగు.

చంద్రగిరి_డ్రాఫ్ట్

గట్టు మీద రెండుండాయి అన్నా. ఉంచే లిస్టులోనే పెట్టినా.

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సైట్ ప్లాన్ ఇప్పుడు మేస్త్రి గారి పరీక్ష కూడా పాసయింది, జెరాక్సుకి జెరాక్సు తీసి చూసినా. నెంబర్లు చదవడానికి వస్తా ఉండాయి. మామిడి, చింత, కొబ్బరి మూడింటికీ నేను గీసిన చిహ్నాలు డీడబ్ల్యూజీ (ఆటోకాడ్ ఫైలు)లో కింద పెడతా ఉండా, ఎవరికైనా కావాలంటే తీసుకోండి.

సైటు_మేస్త్రి

ఇంటూ మార్కు పెద్దదే పెట్టినావా?

చంద్రగిరి_డ్రాఫ్ట్

మాను కంటే మూడింతలు పెద్దది అన్నా :)

కాణిపాకం_కుర్రోడు

డౌన్‌లోడ్ చేశానండి, బాగున్నాయి. కానీ నా ఫైల్‌లో కొబ్బరి చెట్టు లేయర్ రంగు మార్చినా ఎర్రగానే ఉంటోంది. మిగతా రెండూ మారుతున్నాయి.

ఒంటిగీత

బ్లాకు లోపల రంగు గట్టిగా కట్టేసి ఉంది, అందుకే. సెట్‌బైలేయర్ కమాండ్ కొట్టు, ఆ చెట్టుని ఎంచుకో. రెండు ప్రశ్నలు అడుగుతుంది. బైబ్లాక్‌ని బైలేయర్ చెయ్యాలా అంటే వద్దను. బ్లాకుల్ని కూడా కలపాలా అంటే అవునను. రెండోదానికి వద్దంటే లోపల ఏమీ మారదు, మళ్ళీ ఇక్కడికొచ్చి అడుగుతావు.